మొగులప్ప తాత ఐదు వేళ్లు

నేను హైదరాబాద్‌ల ఫైన్ ఆర్ట్స్ చదువుతున్న. పని చేసే చేతులు గీసుకొని రమ్మన్నడు మా సార్. సెలవులకు తాండూరు వచ్చిన కదా అని, ఈ రోజు పొద్దున మా గల్లీ మొగులప్ప తాత దగ్గరికి పోయిన. బండలు కోసే మిషన్ మీద ఇరవై ఏండ్లు పనిచేసిండు తాత. కుడిచెయ్యి మోకాలి మీద పెట్టి అరగంట కదలకుండ కూసున్నడు.

గీసుడు అయినంక బొమ్మను తాత చెయ్యి పక్కన పెట్టి చూసిన. తాత చేతికి ఉన్నవి మూడు వేళ్లే. రెండు వేళ్లు ఆ మిషన్‌లనే పోయినయి. నేనేమో క్లాసుల గీసీ గీసీ పడ్డ అలవాటుకు ఐదు గీసిన. సిగ్గయి రబ్బరు తీసిన. తాత నా చెయ్యి పట్టుకున్నడు.

"తుడువకు బిడ్డా."

"తప్పు గీసిన తాతా."

"ఉండనియ్యి. జర ఫోన్ల ఫొటో తియ్యి. నా మన్మరాలు గీ చెయ్యిని గిట్ల ఎన్నడు చూడలే."

కండ్లకు కనబడ్డదే గీయాలని సార్ రోజూ చెప్తడు. ఇది చూస్తే మార్కులు తీసేస్తడు. తీసేయనీ. మీరైతే తుడిచేటోళ్లా, చెప్పుండ్రి. నాతోనైతే కాలే, ఆ రెండు వేళ్లు ఇంకోసారి కోసుడు.