మంచుతోపాటు తూగిన క్యారేజీ

ఆయన్ని ఊరంతా మంచు మాస్టారనేవారు. బడిలో పాఠం చెప్పిన పాపాన పోలేదు. చలికాలం చివర కొండెక్కి, అక్కడి మంచును తూచి, ఎండాకాలం ఏటికి ఎంత నీరొస్తుందో ముందే చెప్పడం ఆయన ఉద్యోగం. ఆ కొండమీది చలికి ఒకసారి మీసం పుటుక్కున విరిగితే, జేబులో వేసుకొచ్చి ఇంటిదగ్గర అతికించుకున్నారు. నమ్మనివాళ్లు లాగి చూసుకోవచ్చు.

పని చెప్పుకుంటే చిన్నదే. బోలు గొట్టాన్ని మంచులో నేలదాకా దించి, పైకి లాగి, మంచుతో సహా స్ప్రింగు కాటాకు తగిలించాలి. అందులోంచి గొట్టం బరువు తీసేస్తే మిగిలేది నీటి లెక్క. అలా పదిచోట్ల.

ఆ ఏడాది లెక్క చూసుకున్నారు. ఏటా వచ్చేదానికి మూడింతలు! వెంటనే ఆనకట్ట చూసుకునే బావమరిదికి ఫోన్ చేశారు.

"ఒరేయ్, వరద ముంచేస్తుంది. ఉన్న నీళ్లన్నీ వదిలేసి చోటు చేసుకో."

"సరే బావా, రేపు పొద్దున పదింటికి గేటెత్తేస్తా."

మర్నాడు ఆ లెక్కలు సాపు రాస్తూ భార్య కలం ఆపింది.

"ఏమండీ, అయిదో చోటుదాకా మంచు ఇనుములా తూగింది. ఆరో చోటునుంచి దూదైపోయిందేం?"

"కొండన్నాక సవాలక్ష ఉంటాయి. నీకు తెలీదులే."

"మధ్యలో ఏం చేశారు?"

"ఏం చేస్తాను? భోంచేశాను."

"క్యారేజీ ఎక్కడ పెట్టారు?"

"నిరుడు కింద పెడితే జారి పక్క లోయలో తేలింది కదా! అందుకే కాటా కొక్కేనికే..."

అంటూనే మాస్టారు ఆ లెక్కల కాగితం లాక్కుని చూశారు. ఇరవై ఎనిమిదేళ్లుగా తప్పని మాట! ఒప్పుకుంటే పరువు గంగలో కలుస్తుంది, అదీ బావమరిది ముందు. ఒప్పుకోకపోతే ఎండాకాలం ఊళ్లో గొంతు తడుపుకోవడానికి చుక్క ఉండదు. గడియారం పదీ అయిదు. ఫోన్ అందుకున్నారు.

"గేటు ఆపరా! అది వరద కాదు, నా భోజనం!"

సంగతి విన్నాక అవతల నవ్వు మొదలైంది. "మా అక్క వంట బరువని తెలుసుగానీ బావా, ఏటికి వరద తెప్పిస్తుందనుకోలేదు!" బల్ల చరుస్తున్నాడు, పొలమారి దగ్గుతున్నాడు. వెనకాల నీళ్ల హోరు.

భార్య ఫోన్ లాక్కుంది. "ఒరేయ్, ముందు గేటు దించి తర్వాత నవ్వుకో. నా వంట సంగతి నువ్వింటికొచ్చినప్పుడు మాట్లాడదాం."

నవ్వు టక్కున ఆగింది. గేటు కిర్రుమంటూ దిగింది. పోయింది జానెడు నీళ్లే. మాస్టారు అప్పటికే బూట్లు తొడుక్కుంటున్నారు, మళ్లీ కొండెక్కడానికి.