ఇంకా రాని తేదీన ఒడ్డు చేరిన పడవ

మొన్న రాజాంలో మా కోడలు విదేశీ బిస్కెట్ల డబ్బా కొని, ఎప్పటిలోగా తినాలో చూడమని నా చేతిలో పెట్టింది. అంకెలు కనిపించాయి గానీ వాటిలో రోజేదో, నెలేదో తేలక, పదిమందిలో నిలబడి ఉండగానే నాకు ముచ్చెమటలు పట్టాయి. బిస్కెట్లకు ఇంత భయమా అని నవ్వకండి. మన ఈడువాళ్ళకైతే అర్థమవుతుందనే చెబుతున్నాను.

నేను శ్రీకాకుళం తీరంలో, చేపల వేటకు వెళ్ళే ఇంట పుట్టినదాన్ని. పట్నంలో కంప్యూటరు నేర్చుకుని, ఆ గొప్పతో కాస్త మెడ నిక్కించుకుని, మా పడవల సంఘం ఆఫీసులో చేరాను. మా అక్క భర్త, అంటే మా బావ, అక్కడే పెద్ద గుమస్తా. ఏ పడవ ఏ రోజున బయలుదేరిందో నేను ఒక ఫైలులో కొట్టేదాన్ని. ఏ పడవ ఏ రోజున చేపలు దింపిందో విశాఖ రేవు నుంచి మరో ఫైలు వచ్చేది. ఆ రెండింటిలోని తేదీలను పోల్చి, దింపిన రోజు బయలుదేరిన రోజు కంటే తరువాతిదైతే పడవ ఒడ్డున ఉందనీ, కాకపోతే ఇంకా వేటలోనే ఉందనీ కంప్యూటరే చెప్పేలా బావ ఒక చిన్న ప్రోగ్రాము, అదే స్క్రిప్టు, రాశాడు. అది వచ్చాక మా పని ఎంతో తేలికైంది.

ఆ ఏడు నవంబరులో తుఫాను హెచ్చరిక వచ్చింది. ఇంకా సముద్రం మీద ఉన్న పడవలేవో చెబితే వైర్‌లెస్‌లో కబురంపి, వెతికిస్తామన్నాడు మత్స్యశాఖ అధికారి. స్క్రిప్టు నడిపితే, మా నాయిన పడవతో సహా అన్నీ ఒడ్డునే ఉన్నాయని వచ్చింది. విశాఖలో సరుకు దింపి అక్కడే ఆగి ఉంటారనుకుని, ఒక్క పరుగున ఇంటికి పోయి అమ్మకు చెప్పాను. మనిషి వేటలో ఉన్నన్నాళ్ళూ మా ఆడవాళ్ళు తలకు నూనె పెట్టరు. నా మాట విని అమ్మ నూనె గిన్నె ముందేసుకుని, చిక్కులు తీసుకుంటూ కూర్చుంది. ఆమె ముఖం చూసి నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

తిరిగి ఆఫీసుకు వచ్చేసరికి గాలి ముదిరి తలుపులు కొట్టుకుంటున్నాయి. నాయిన ఏ రోజున వచ్చాడో చూద్దామని స్క్రిప్టు ఇచ్చిన పట్టిక తెరిస్తే, డిసెంబరు పదకొండు అని ఉంది. మేమింకా నవంబరులోనే ఉన్నాం! రేవు వాళ్ళు అమెరికా పద్ధతిలో నెల ముందు రాస్తారు, మేము రోజు ముందు రాస్తాం. నవంబరు పన్నెండున మా పడవలన్నీ కిందటి వేట సరుకు దింపిన తేదీని, అంటే 11/12ని, స్క్రిప్టు తలకిందులుగా డిసెంబరు పదకొండని చదివింది. పద్నాలుగున వాళ్ళు మళ్ళీ బయలుదేరారు. బావను పిలిచి తెర చూపించాను.

“ఏటే మరదలా, మనోళ్ళందరూ సముద్రంలోనే ఉన్నారేటే?” అన్నాడు బావ. ఏ ఫైలును ఆ ఫైలు తీరులోనే చదివేలా, స్క్రిప్టు సరిచేశాడు. ఒక్కో పేరు పక్కన వేటలో, వేటలో అని వచ్చింది. బావ ఫోను చేసి అధికారికి పేర్లు చెబుతుండగా, నేను మళ్ళీ ఇంటిదారి పట్టాను.

అప్పటికే తల నిండా నూనె రాసుకున్న అమ్మకు, నాయిన ఇంకా సముద్రంలోనే ఉన్నాడని చెప్పాను. “కుంకుడుకాయలు ఎక్కడున్నాయో సూడు” అంది, అంతే. ఆ హోరు వానలో పెరట్లో కూర్చుని, జిడ్డు మొత్తం వదిలేదాకా తల రుద్దుకుంటూనే ఉంది. చెంబుతో నీళ్ళు పోస్తున్న నాకు, నాయిన రాకపోతే అమ్మ ఆ నూనెనే తలుచుకుంటూ బతుకుతుందేమోనని భయమేసింది.

పడవలకు కబురు అందింది. అవి ఒరిస్సా ఒడ్డుకు చేరి తలదాచుకున్నాయి, నాయిన తిరిగొచ్చాడు. కానీ ఆ తరువాత ఏ పడవైనా ఒడ్డున ఉందని కంప్యూటరు చెబితే, “కళ్ళతో సూసినోడెవుడే?” అని అడిగేది అమ్మ. జవాబు చెప్పేదాకా వదిలేది కాదు.

ఇప్పుడు మా తమ్ముడు వేటకు వెళ్తే, అతని పడవ ఎక్కడుందో మా మరదలు ఫోనులో మ్యాపు మీది చుక్కను చూసి చెప్పేసి, నిశ్చింతగా సీరియల్ పెట్టుకుంటుంది. ఆ పిల్లను తప్పుపట్టను, మాలాంటి భయం తనకెందుకు? అమ్మ పోయాక మాత్రం ఆ ప్రశ్న అడిగేవాళ్ళు మా ఒడ్డున లేరు. తమ్ముడు వచ్చేశాడని ఎంతమంది చెప్పినా సరేనంటాను గానీ, వాడు తడి కాళ్ళతో వచ్చి నా ఎదుట నిలబడేదాకా నా ప్రాణం ఒడ్డుకు చేరదు.