చిలకపచ్చ పట్టు, ఆలస్యమైన కబురు

2007. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా గద్వాలలో, ఒక చీరల కొట్టు మేడ మీది గదిలో నేను ప్రోగ్రాములు రాసి ఇచ్చేవాణ్ణి. కింద కొట్టు నాగభూషణం సావుకారుది. అమరచింతలో ఆరు మగ్గాల మీద ఆయనకు చీరలు నేయించే ఈరన్న ఉండేవాడు. రంగు మారినా, అంచు మారినా మనిషి బస్సెక్కి వెళ్ళి చెప్పి రావాలి. ఆ అవస్థ తప్పేలా, రెండు చోట్లా కంప్యూటర్లో తెరుచుకునే ఒక పేజీ రాయమని సావుకారు అడిగారు.

ఆ పేజీలో మూడు రకాల సందేశాలు నడవాలి. ఒక్కోదానికి ఒక్కో ప్రోటోకాల్, అంటే కంప్యూటర్లు మాట్లాడుకునే పద్ధతి. రాసిన మాట అందినట్టు అవతలి నుంచి జవాబు రావాలి. ఏ మగ్గం ఎంతవరకు వచ్చిందనే కబుర్లలో చివరిది అందితే చాలు. డిజైన్ చిత్రం మాత్రం ఒక్క చుక్క కూడా పోకుండా చేరాలి. ఆనాటి బ్రౌజర్లు ఒక సర్వర్‌తో, అంటే సందేశాలు అందుకుని అవతలికి చేరవేసే నడిమి కంప్యూటర్‌తో, ఒకేసారి రెండు కనెక్షన్లకు మించి తెరవనిచ్చేవి కావు. పైగా అమరచింతలో ఉన్నది వైర్‌లెస్ ఫోన్ ద్వారా వచ్చే నీరసపు లైను. అందుకని జావాస్క్రిప్ట్‌లో మూడింటినీ ఒకే కనెక్షన్ మీద నడిపాను. ప్రతి సందేశానికీ ముందు అది ఏ రకమో చెప్పే చిన్న గుర్తు ఉంటుంది, అవతలి ప్రోగ్రాం ఆ గుర్తు చూసి వేరు చేస్తుంది. దీన్ని మల్టీప్లెక్సింగ్ అంటారు. నా బల్ల మీద రెండు కంప్యూటర్లు పక్కపక్కన పెట్టి చూస్తే చక్కగా పనిచేసింది. దేవునికి స్తోత్రం చెల్లించి అప్పగించాను.

మూడో వారం సావుకారు మెట్లెక్కి వచ్చారు, రొప్పుతూ.

"పెండ్లి చీర దానియేలూ! అంచుకు చిలకపచ్చ అని పొద్దుగాల చెప్పిన. పెండ్లోళ్ళు మనసు మార్చుకొని రాణి రంగు అన్నరు. ఎంటనే 'పచ్చ అద్దకు, ఆపు' అని పేజీల రాసిన. పట్టంత పచ్చల ముంచి పెట్టిండు! అడిగితే, ముంచినంకనే నీ మాటొచ్చింది అంటుండు. మిషిన్ తప్పు జేస్తదా, ఈరన్న అబద్ధమాడుతుండా?"

"జర జూసి చెప్త సావుకారూ."

"ఏం జూస్తవ్? ఆరు మగ్గాల పని గద్వాలోళ్ళకే ఇచ్చుకుంట. కండ్ల ముంగటుంటరు."

ఆయన దిగి వెళ్ళాక లాగ్ తెరిచాను. ఏ సందేశం ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో సర్వర్ తానే రాసుకునే చిట్టా అది. 'ఆపు' అన్న మాట సర్వర్‌కు వెంటనే చేరింది. కాని అంతకుముందే అంచు డిజైన్ చిత్రం అమరచింతకు బయలుదేరి ఉంది. చిత్రాన్ని నేను ఒకే ముద్దగా పంపేలా రాశాను. అది పూర్తయ్యేదాకా ఆ కనెక్షన్ మీద మరేదీ కదలదు. సావుకారు మాట ముప్పావు గంట దాని వెనక నిలబడిపోయింది. అందినట్టు జవాబు రాలేదని ఆయన చూసుకోలేదు. ఈలోగా ఈరన్న పొద్దున్న చెప్పిన ప్రకారమే అద్దకం పూర్తిచేశాడు. అతను చెప్పింది నిజం. నేను పరీక్షకు వాడినవి చిన్న బొమ్మలు, అదీ గద్వాల లైను మీద. అందుకే నాకు తప్పు కనబడలేదు.

ఆ చిట్టా చదవగలిగినవాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే. లైను బాగాలేదని చెప్పి తప్పించుకోవచ్చు, అది పూర్తి అబద్ధం కూడా కాదు. పొరుగువాడి మీద అబద్ధసాక్ష్యం పలకకూడదని ఆదివారాలు పిల్లలకు నేనే నేర్పేవాణ్ణి. నోరు మూసుకుని కూర్చోవడం కూడా ఆ సాక్ష్యమేనని ఆ మధ్యాహ్నం అర్థమైంది. బల్ల దగ్గరే తల వంచి ప్రార్థించి కిందికి దిగాను.

"తప్పు నాది సావుకారూ. ఈరన్న అబద్ధమాడలే."

ఆయన కొలుస్తున్న చీర పక్కన పెట్టారు. "గంత సదువు సదివి గిట్ల జేస్తివా?"

"జేసిన. వారం ఇయ్యుండ్రి, బాగుచేస్త."

"నాకు చెప్తే ఏమొస్తది? పోయి ఆయనకు చెప్పు. నోటికొచ్చినట్ల తిట్టిన నేను. వారమే యాదిపెట్టుకో. మల్ల గిట్లయితే పని గద్వాలకే."

మర్నాడే అమరచింత వెళ్ళాను. ఈరన్న ఇంటి ముందు కర్ర మీద చిలకపచ్చ పట్టు ఆరుతోంది. అతని భార్య పద్మమ్మ నన్ను చూడగానే అంది: "రా సారూ రా. నీ డబ్బల నుంచి మాట ఎల్లేసరికి మా పట్టుకు పెండ్లి గూడ అయిపాయె."

"ఊకోయే," అన్నాడు ఈరన్న. విషయమంతా విని, "తప్పు నాదే అని బస్సెక్కొచ్చి చెప్పినోన్ని ఇప్పుడే జూస్తున్న. కూసో సారూ, చాయ్ తాగు. పచ్చ పట్టు ఇంకో చీరకెల్తది. మగ్గాలు పోతెనే పరేషాన్. ఆరిండ్ల బువ్వ అది," అన్నాడు.

ఎలా బాగుచేయాలో శుక్రవారం ఉపవాస ప్రార్థనలో తోచింది. మా సంఘంలో, దేవుడు తమకు చేసిన మేళ్ళ గురించి సాక్ష్యం చెప్పేవారు ఒక సంగతి ముగియగానే కాస్త ఆగుతారు. అత్యవసర మనవి ఉన్నవారు అప్పుడు లేవవచ్చు. ఆ రోజు ఒక పెద్దాయన తన మారుమనస్సు గురించి నాలుగో సంగతి ముగించేసరికి ఒక తల్లి లేచి, "బిడ్డకు జ్వరం తగ్గుతలేదు, ప్రార్థన చేయుండ్రి" అంది. అందరం మోకరించాం. ఆ తర్వాత పెద్దాయన ఐదో సంగతి ఎత్తుకున్నారు. ఆమె మనవి ఆగలేదు, ఆయన సాక్ష్యమూ పోలేదు.

చిత్రాన్ని చిన్న ముక్కలుగా కోసి, ఒక్కోదానికి వరుస సంఖ్య వేశాను. ఒక ముక్క పంపగానే ప్రోగ్రాం ఆగి చూస్తుంది: మాట ఏదైనా వేచి ఉందా? ఉంటే అది ముందు పోతుంది. లేకపోతే తర్వాతి ముక్క.

ఈసారి పరీక్ష అమరచింతలోనే, ఆ నీరసపు లైను మీదే పెట్టాను. కొట్టులో ఉన్న డిజైన్లలో అన్నిటికంటే పెద్దది పంపమని సావుకారుకు ఫోన్ చేసి, మధ్యలో ఏదైనా రాయమన్నాను. చిత్రం ఎంత వచ్చిందో చూపే గీత పావు వంతు నిండేసరికి కింద అక్షరాలు కనబడ్డాయి. ఈరన్న గట్టిగా చదివాడు: "ఈరన్నా, తిట్టింది మనసుల వెట్టుకోకు. తెల్ల పట్టు పంపుతున్న. రాణి రంగు అద్దు. పెండ్లి చీర నువ్వే నెయ్యాలె."

"ఇంకోసారి సదువు," అంది పద్మమ్మ. అతను మళ్ళీ చదివాడు. చిత్రం ఇంకా వస్తూనే ఉంది.

ఆరు మగ్గాలూ అమరచింతలోనే ఉండిపోయాయి. తర్వాత ఇంకా పెద్ద పనులు చేశాను, కాని నా వృత్తికి పాఠం అక్కడే దొరికింది. ప్రోగ్రాం పొరబడినప్పుడు నింద మొదట పడేది దాని చిట్టా చదవలేని మనిషి మీద. అందుకే "ఏదో తేడా ఉంది సారూ" అని ఎవరైనా ఫోన్ చేస్తే, ఆ మనిషి నిజమే చెబుతున్నాడని ముందు నమ్ముతాను. ఆ తర్వాతే లాగ్ తెరుస్తాను.