చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు

మొన్న క్రిస్మస్ అయిన మూడో రోజు నెల్లూరులో అద్దె కారెక్కి మైపాడుకు బయలుదేరాను. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా ఇంకా తియ్యని కొత్త తెల్ల కారు. ఫోనులో నా పేరు చూశాడు కాబోలు, డ్రైవరు కొంచెం మొహమాటపడుతూ, "మేడం, మీరు చర్చికి పొయ్యేవాళ్లు గదా, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టినాను, ఏమనుకోవద్దు" అన్నాడు. "నాలుగూ ఉన్నాయా? దిగి ఒకసారి చూసుకో నాయనా" అన్నాను. నేను ఎగతాళి చేస్తున్నానేమోనని అద్దంలో నా మొహం చూసి, కాదని తెలిశాక నిజంగానే దిగి, బండి చుట్టూ తిరిగి వచ్చి కూర్చున్నాడు. కారు కదిలింది. చితికిన నిమ్మకాయ వాసన సగం దించిన అద్దంలోంచి లోపలికొచ్చి, నన్ను మూడో తరగతి చదివే పిల్లను చేసి మస్తానయ్య నల్ల అంబాసిడర్ వెనక సీట్లో కూర్చోబెట్టింది.

మా అవ్వ ముప్ఫయ్యేళ్లు కోట, ముత్తుకూరు, ఇందుకూరుపేట చుట్టుపక్కల చిన్న బడుల్లో పాఠాలు చెప్పి, ఉద్యోగం అయిపోయాక కొడవలూరులో మా ఇంట్లో ఉండేది. ఏటా క్రిస్మసుకీ కొత్త సంవత్సరానికీ నడుమ ఒక రోజు మస్తానయ్య కారు మాట్లాడుకుని, తన చేతిలో దెబ్బలు తిన్నవాళ్లందరినీ చూసి రావడం ఆమెకు పండగలో పండగ. ముందు రోజంతా ఇల్లు నూనె వాసనే. అచ్చును కాగిన నూనెలో ముంచి, పిండిలో ముంచి, మళ్లీ నూనెలో వదిలితే విచ్చుకునే గులాబీ పువ్వులూ, నువ్వులేసిన చక్కిలాలూ, కొబ్బరి కజ్జికాయలూ డబ్బాలకెక్కేవి, విరిగినవి నా గౌను జేబుకెక్కేవి. తెల్లవారుజామున మంచులో పొలాల బురద వాసన వస్తుండగా, నాట్లకు పోయే ఆడవాళ్ల మాటలు రోడ్డు మీద వినిపిస్తుండగా, ఆ నల్ల కారు మా గుమ్మం ముందు దగ్గుతూ వచ్చి ఆగేది.

ఆగీ ఆగగానే యుద్ధం మొదలు. మస్తానయ్య సన్నగా, పొడుగ్గా ఉండేవాడు, మాట తక్కువ మనిషి. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టనిదే బండి కదిలించేవాడు కాదు. ప్రార్థన చెయ్యనిదే మా అవ్వ కదలనిచ్చేది కాదు. "బండిని కాపాడేది దేవుడయ్యా, నిమ్మకాయ కాదు" అని ఆమె. "నీ ప్రార్థన నీది, నా నిమ్మకాయ నాది, బండి ఇద్దరిదీ గదా టీచరమ్మా" అని అతను. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. అవ్వ ప్రార్థన చేసినంతసేపూ అతను ఇంజను ఆపి, తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని నిలబడాలి. తరవాత అతను నిమ్మకాయలు పెడుతుంటే అవ్వ చూడనట్టు మొహం పక్కకు తిప్పుకోవాలి. అవ్వ ప్రార్థన అంత తేలిగ్గా తెమిలేది కాదు. ఊళ్లో జబ్బుపడ్డవాళ్లూ, పరీక్షలు రాయబోయేవాళ్లూ, ఈనబోయే బర్రె, అందరూ అయ్యాక, "ఈ బండినీ, బండి నడిపేవాణ్ణీ కాపాడు తండ్రీ" అనేది.

నా బాధ వేరే. సముద్రం ఇరవై మైళ్ల దూరంలో ఉన్నా నేనింకా చూడలేదు. రెండేళ్లు వరసగా అవ్వ వెంట వెళ్లాను, రెండేళ్లూ మైపాడు చేరకుండానే వెనక్కి తిరిగాం. కారణం ఏమిటంటే, పెద్దామె ఇంటికొచ్చాక ఏదో ఒకటి తినకుండా పంపరు, తిన్నాక ప్రార్థన చెయ్యకుండా అవ్వ లేవదు, ఆ ప్రార్థన విని పక్కింటావిడ "మా పాపకు జొరం, మా ఇంటికీ రా టీచరమ్మా" అంటుంది, అక్కడ మళ్లీ పలహారం, మళ్లీ ప్రార్థన. పొద్దు వాలేలోగా వెనక్కి తిరగాలనేది మస్తానయ్య నియమం, ఆ ముసలి బండికి దీపాలు సరిగా వెలిగేవి కాదు. మూడో ఏడు నేను ముందే మొండికేస్తే, అవ్వ బైబిలు మీద చెయ్యి పెట్టినంత గట్టిగా, "ఈ ఏడు నీ కాళ్లు సముద్రంలో పెట్టిస్తా పో" అని మాటిచ్చింది.

ఆ పొద్దున ప్రార్థన అయింది, నిమ్మకాయలు పెట్టడమూ అయింది. బండిలో పొయ్యడానికి నీళ్లు తెచ్చుకుందామని మస్తానయ్య పెరట్లో బావి దగ్గరికి వెళ్లాడు. అవ్వ అటూ ఇటూ చూసి, మోకాళ్లు పట్టుకుని వంగి, నాలుగు చక్రాల దగ్గరా నాలుగు నిమ్మకాయలూ ఏరి నా చేతి సంచిలో వేసింది. "నోరు మెదిపినావంటే సముద్రం లేదు" అంది. సముద్రం కోసం నేను ఆ రోజు ఏ పాపమైనా చేసేదాన్ని.

కోటలో మూడిళ్లు, ఏడు పలహారాలు. ముత్తుకూరులో అవ్వ పాత శిష్యురాలి ఇంట్లో మధ్యాహ్నం భోజనం. మట్టిచట్టిలో నిన్నటి కొర్రమీను పులుసు, ముందు రోజు పులుసుకే రుచి అని ఆమె గర్వంగా వడ్డించింది. ఎండ చుర్రుమంటుంటే అవ్వ ఆమెను చెంబెడు చల్లటి నీళ్లడిగి, సంచిలోంచి నిమ్మకాయలు తీసి, ఉప్పూ చక్కెరా వేసి కలిపింది. మస్తానయ్య రెండు గ్లాసులు తాగి, మూతి తుడుచుకుని, "భలే రసముంది టీచరమ్మా, యాడివి ఈ కాయలు?" అన్నాడు. "కొడవలూరివేలే" అంది అవ్వ. ఆమె అబద్ధమాడలేదు. నేను మాత్రం గ్లాసులో మొహం దాచుకున్నాను.

ఇందుకూరుపేటలో ఒక్క ఇంటితోనే అవ్వ లేచింది. అంత తొందరగా ఆమె లేవడం నేనెప్పుడూ చూడలేదు. మైపాడు ఇంకో రెండు మైళ్లుందనగా, ఆ వారం వానకు కోసుకుపోయిన మట్టిదారిలో బండి వెనక చక్రాలు కూరుకుపోయాయి. ఇంజను ఎంత అరిచినా చక్రం ఉన్న చోటే తిరిగి బురద చిమ్ముతోంది. పొద్దు తాటిచెట్ల మీదికి దిగింది. మూడో ఏడు కూడా సముద్రం పోయినట్టే. మస్తానయ్య దిగి చక్రాల వైపు చూస్తూ, "నిమ్మకాయలు పెట్టి కూడా ఇట్టా అయిందేందబ్బా" అనుకుంటుంటే నాకిక ఆగలేదు. "నిమ్మకాయలు మనం తాగేసినాము అన్నా" అని ఏడుపు లంకించుకున్నాను.

అతనికి ముందు అర్థం కాలేదు. తరవాత అవ్వ మొహం చూసి అర్థమైంది.

"నేనూ తాగినానా?"

"రెండు గ్లాసులు" అన్నాను.

అతను కేకలేస్తే బాగుండేది. రోడ్డు గట్టున కూర్చుని, తువ్వాలు మోకాలి మీద పరుచుకుని, మెల్లగా అన్నాడు: "ఏటేటా నీ ప్రార్థన అయ్యేదాకా ఇంజను ఆపి నిలబడతా గదా టీచరమ్మా. నేనెప్పుడన్నా నీ ప్రార్థన తీసి సంచిలో ఏసుకున్నానా?"

ఎవరికీ బదులు బాకీ పెట్టని మా అవ్వ కారు దిగింది. చెప్పులు చేత్తో పట్టుకుని, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, బురదలో నడుచుకుంటూ దూరంగా కనిపిస్తున్న జాలర్ల గుడిసెల వైపు వెళ్లింది. తిరిగొచ్చేటప్పుడు ఆమె వెనక నలుగురు మగవాళ్లున్నారు, చేతిలో ఒక్క నిమ్మకాయ ఉంది, అదీ వడలిపోయింది. అందరూ చూస్తుండగా ఆమె బురదలో మోకాళ్లూని, ముందు చక్రం కింద తన చేత్తో ఆ కాయ పెట్టింది. "ఒకటే దొరికిందయ్యా. సర్దుకుంటాడేమో నీ దేవుణ్ణి అడుగు" అంది.

"సర్దుకుంటాడులే" అంటూ మస్తానయ్య లేచాడు. లేచినవాడు నేరుగా స్టీరింగు దగ్గరికి పోకుండా, తువ్వాలు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. అవ్వ కళ్లు మూసుకుంది. నా జన్మలో ఆమె చేసిన అతి చిన్న ప్రార్థన అదే: "తండ్రీ, మస్తానయ్యను కాపాడు." ఇన్నేళ్లలో ఆమె ప్రార్థనలో అతని పేరు రావడం అదే మొదలు.

నలుగురూ నెట్టారు, కాయ చితికింది, బండి గట్టెక్కింది. పొద్దు వాలుతోంది, వెనక్కి తిరుగుదామని అవ్వే అంది. "పాపకు మాటిచ్చినావు గదా" అని అతను సముద్రం వైపే పోనిచ్చాడు. ఇసకలో వలలు ఆరేసి ఉన్నాయి, పడవల నీడలు పొడుగ్గా పడ్డాయి. అవ్వ ఒక చెయ్యి, మస్తానయ్య ఒక చెయ్యి పట్టుకుంటే నేను నీళ్లలో దిగాను. కాళ్ల కింద ఇసక జారిపోతుంటే భయంతో, ఆనందంతో కెవ్వుమన్నాను. ఆ తరవాత ఆ బండి నడిచినన్నాళ్లూ, ప్రార్థనకు ముందే అవ్వ నాలుగు నిమ్మకాయలు కడిగి, తుడిచి అతని చేతిలో పెట్టేది. తప్పయిందని మాత్రం చచ్చేదాకా అనలేదు.

ఇప్పుడు మైపాడు దాకా తారు రోడ్డే. నిగనిగలాడే పొలాలున్న చోట చాలా వరకు రొయ్యల గుంటలు, వాటిలో నీళ్లు చిలుకుతూ తిరిగే చక్రాలు. అవ్వ ఆగిన ఇళ్లలో ఒక్కటీ నేను గుర్తుపట్టలేకపోయాను. గుర్తుపట్టినా, తినకుండా పంపం అనేవాళ్లు లోపల లేరు. అవ్వ లేదు, మస్తానయ్య లేడు, ఆ నల్ల కారు ఏ పాత ఇనప సామాన్లలో కలిసిందో తెలియదు. నెల్లూరు నుంచి గంట తిరక్కుండా సముద్రం ముందు దిగాను. ఇంత తొందరగా వస్తుందనుకోలేదు, ఏదో అన్యాయం జరిగినట్టనిపించింది. కాళ్లు తడుపుకుని వచ్చి కారెక్కాను.

డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు. ఫోనులో ఆడగొంతు కుడివైపు తిరగమంటోంది.

"ఒక్క నిమిషం ఇంజను ఆపు నాయనా" అన్నాను.

ఆపాడు. నేను కళ్లు మూసుకోవడం చూసి, ఆ ఫోను గొంతు కూడా ఆపాడు. బండినీ, బండి నడిపేవాణ్ణీ అనబోయి ఆగి, కళ్లు తెరిచాను.

"నీ పేరేంది నాయనా?" అని అడిగాను.