అత్త పంచిన మాత్రలు

మా మేనత్త పోయింది. ఎమ్మిగనూరు నుంచి వచ్చినవాడు ఆ మాట చెప్పినప్పుడు నేను ఆదోని పత్తి యార్డులో పనిలో ఉన్నాను. దొరికిన బస్సెక్కి వెళ్లాను. అక్కడ ఆమె నడిపిన వృద్ధాశ్రమం అరుగు మీద ముసలివాళ్లంతా కూర్చుని ఉన్నారు. "అన్నం తింటివా నాయనా?" అని అడిగిందొకామె. చావింట్లో కూడా అత్త అలవాటే నడుస్తోంది.

అత్త చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుంది. పంతొమ్మిది వందల డెబ్బైల్లో, దిక్కులేని ముసలివాళ్ల కోసం వ్యాపారులు కట్టించిన ఆ ఆశ్రమానికి వంటకని వెళ్లి, వాళ్లందరికీ పెద్దదిక్కయింది. నోరు పెద్దది. కూరలో ఉప్పు లేదంటే "నీ నాలుకే పోయిందిలే" అని కసిరేది, మారు వడ్డనకు మాత్రం ఉప్పు సరిపోయేది. మంత్రాలయం నుంచి ఎవరైనా పరిమళ ప్రసాదం తెస్తే, చీమ తలకాయంత ముక్కయినా అందరి చేతుల్లో పడాల్సిందే. "ఒక్కరే తింటే ఒంటబట్టదప్పా" అనేది.

మాత్రలూ అట్లే పంచింది. ఒకరికి పుండుకని డాక్టరు రాసిస్తే, నొప్పి తగ్గగానే మిగిలినవి పక్క మంచం మనిషికి ఇప్పించేది. "నీకు నయమాయె గదా, ఆయప్ప కష్టపడతాండాడు, ఇచ్చేయప్పా." అది పుణ్యమనే అందరం అనుకున్నాం.

ఎనభైల్లో ఒక వేసవిలో, భార్యతో పాటు ఆశ్రమంలో ఉండే పాత నేతగాడు మగ్గం తాతకు కాలి పుండు చీము పట్టింది. ఆదోనిలో ఆసుపత్రిలో చేర్పించాం. మా ఇల్లు దగ్గరే కాబట్టి అన్నం క్యారియరు నేను మోసేవాణ్ణి. ఎన్ని సూదులు వేసినా జ్వరం దిగలేదు. చీము పరీక్ష చేయించిన డాక్టరు అత్తను పక్కకు పిలిచాడు.

"ఈ మందులకు లొంగని క్రిములమ్మా ఇవి. సగం సగం మింగితే అన్నీ చావవు, మిగిలినవి మొండికెత్తుతాయి. ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటాయి కూడా. మీ ఆశ్రమం నుంచి వచ్చిన ఇంకో ఇద్దరిలోనూ ఇవే ఉన్నాయి."

"మిగిలిన మాత్రలు పంచింది నేనే సార్" అంది అత్త. డాక్టరు తన దగ్గరున్న ఇంకో మందు కూడా ఇచ్చి చూశాడు. తాత దక్కలేదు.

దహనమయ్యాక దోవలో నేను, "ఎవరికీ చెప్పొద్దత్తా, నిన్నే అంటారు" అన్నాను.

"అననీ రా. సెప్పకపోతే రేపు ఇంగొకరు పోతారు" అంది. అత్త అంటే ప్రేమ ఎప్పుడూ ఉంది, ఆ రోజు గౌరవం కలిగింది.

ఆశ్రమం చేరగానే అందరినీ వసారాలో కూర్చోబెట్టింది. "ఇది నేను సేసిన తప్పు. మందు అన్నం కాదు, పంచుకునేదానికి. ఎవురి మందు వాళ్లే కడదాకా మింగాల. దాచిపెట్టుకున్నవి ఉంటే ఈడ ఏయండి" అని బియ్యం చెరిగే చాట ముందుకు తోసింది.

ఒక్కొక్కరే కొంగుముడులు విప్పారు, రొంటి నుంచి పొట్లాలు తీశారు. ఎర్రవీ పచ్చవీ చాటలో పడ్డాయి. నోరున్నవాళ్లు కూడా అత్తను ఒక్క మాట అనలేదు. చివర్లో తాత భార్య లేచి వచ్చింది.

"నాకు జ్వరమొచ్చినప్పుడు ఇచ్చినవి. రెండు ఆయనకని దాచినాను" అంటూ ముడి విప్పింది. అవి చెమటకు మెత్తబడి గుడ్డకు అతుక్కుపోయి ఉన్నాయి. మెల్లగా ఊడదీసింది. అత్త చాట పక్కన పెట్టి చెయ్యి చాచింది. ఆ అరచేతిలోవి ఈ అరచేతిలోకి రావడానికి చాలాసేపు పట్టింది.