పళ్లెం విడవని చేయి

ఆ రోజు ఎనుమాముల మార్కెట్ యార్డుకు మిర్చి విపరీతంగా వచ్చింది. బస్తాలో చేతులు పెట్టి, కాయ విరిచి, తేమ చూసి ధర చెప్పడం ముప్పై ఏళ్లుగా నా పని. పొద్దున్నే కుడి చేయి మండినట్టయింది, తర్వాత తిమ్మిరెక్కింది. సీజన్‌లో చేతులు మండని మిర్చి వ్యాపారి ఎవరున్నారు? మజ్జిగ తెప్పించుకుని అందులో చేయి ముంచి కూర్చున్నాను. మధ్యాహ్నం దాకా అదే వైద్యం. పెన్ను జారి పడినా, మంట ఎక్కువైందనే అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఇంటికి వచ్చేసరికి మూతి వంకర పోయింది. నా భార్య సరోజ చూసి, "ఏందయ్యా, మూతి గట్లైంది? నడువు దవాఖానకు!" అంటూ ఆటో ఎక్కించింది.

సీటీ స్కాన్ చూసిన డాక్టర్, "పొద్దున్నుంచా? ఇంతసేపు ఏం చేసిండ్రు?" అని అడిగారు. మజ్జిగ సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు.

"ఇది స్ట్రోక్, పక్షవాతం. క్లాట్ కరిగించే ఇంజక్షన్‌కు టైం దాటిపోయింది. ఇగ మందులు, ఫిజియోథెరపీనే."

ఆ రాత్రికి కుడి కాలూ పట్టు తప్పింది గానీ, అది రెండు నెలల్లో దారికొచ్చింది. చేయి రాలేదు. పిడికిలి బిగుసుకుంటే ఎడమ చేత్తో ఒక్కో వేలూ లాగి విప్పాలి. ఈ బిగుతును స్పాస్టిసిటీ అన్నారు. రోజూ అదే బంతి, అదే రబ్బరు బ్యాండు. ఈ చేతితో మళ్లీ బస్తా ముందు కూర్చోగలనా అన్నదే నా దిగులు. విసుగొచ్చి రెండు వారాలు మానేశాను. చేయి ఇంకా బిగిసింది, భుజం నొప్పి తోడైంది. కథ మళ్లీ మొదటికొచ్చింది.

ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఒకరోజు, "అంకుల్, మీకు పట్టుకునుడు వస్తాంది గని ఇడిసిపెట్టుడే వస్తలేదు. మీ ఇంటికాడి పార్కుల డిస్క్ గోల్ఫ్ పెట్టిండ్రు, జర పోయి ఆడుండ్రి" అంది. అక్కడ తొమ్మిది ఇనుప స్తంభాలు, వాటికి గొలుసులు, కింద బుట్టలు. ప్లాస్టిక్ పళ్లెం విసిరి బుట్టలో పడేయాలి. ఈ వయసులో ఇదొక్కటే తక్కువైందనుకుంటూ సరోజతో కలిసి వెళ్లాను.

మొదటి రోజు పళ్లెం చేతిలోంచి కదలలేదు. చేయి ఊపితే దానితో పాటు నేనే తూలాను. సరోజ నా వేళ్లు విప్పి పళ్లెం తీసింది, మళ్లీ పెట్టింది. "బేరంల గూడ గింతే, పట్టిన పట్టు ఇడువవు" అని నవ్వింది. వాకింగ్‌కు వచ్చినవాళ్లంతా చూస్తున్నారు. నాకు ఏడుపొచ్చింది. అది చూసి తను కొంగుతో నా మొహం తుడిచి ఇంటికి తీసుకొచ్చింది.

అయినా మర్నాడు వెళ్లాం. నెలన్నర అలాగే వెళ్లాం. ఒక పొద్దున మూడో బుట్ట దగ్గర పళ్లెం దానంతటదే వెళ్లిపోయింది. నాలుగడుగులే, అదీ పక్కనున్న కానుగ చెట్టుకు తగిలి పడింది. "పోయింది! పోయింది!" అని సరోజ అరిచింది. నేను ఖాళీ చేతిని చూసుకుంటూ నిలబడ్డాను.

ఇప్పుడు తొమ్మిది బుట్టలూ తిరగడానికి నాకు గంటన్నర పడుతుంది. రెండుసార్లు బెంచీ మీద కూర్చుంటాను. యార్డుకు మళ్లీ వెళ్తున్నాను. కుడి చేత్తో కాయ విరుస్తాను గానీ తేమ తెలియదు. ఆ వేళ్లకు స్పర్శ పూర్తిగా రాలేదు, రాకపోవచ్చు అన్నారు. తేమ చూడడం ఎడమ చేతికి నేర్పుతున్నాను. అది తప్పులు చేస్తోంది.

మిర్చి పని చేసేవాళ్లకు ఒక్క మాట. మనం కాయల్లో పెట్టేది రెండు చేతులు. మండితే రెండూ మండాలి. ఒక్క చేయే తిమ్మిరెక్కితే మజ్జిగ అడక్కండి, ఆటో పిలవండి.