ఇంజను మోత చాటున పాట

సినిమాకు చప్పుడు ఎంత ముఖ్యమో నాకు బొమ్మ చూడకముందే తెలుసు. నా పుట్టిల్లు ప్రొద్దుటూరులో ఒక సినిమా హాలు వెనక గోడను ఆనుకుని ఉండేది. మా నాయన మమ్మల్ని సినిమాలకు పంపేవాడు కాదు. గోడ మాత్రం ఆయన మాట వినేది కాదు. సాయంత్రం అంట్లు తోముతూ మా అమ్మా నేనూ ఎన్నో కథలు విన్నాం. అడుగుల చప్పుడును బట్టి వచ్చింది ఆడమనిషో మగమనిషో, కాళ్లకు చెప్పులున్నాయో లేవో చెప్పేదాన్ని. చాలా రోజులకు వాటిలో ఒక సినిమాను కళ్లారా చూస్తే నిరాశే కలిగింది. నేను విన్న ఇల్లు ఇంకా పెద్దది. నేను విన్న నాయిక ఇంకా పొడుగు.

అప్పటి నుంచి సినిమాను చెవితోనే పరీక్షిస్తాను. లెక్కలు చెప్పి రిటైరైన దాన్ని, తప్పు దొరికితే వదలను. మా కడప జిల్లా కథలంటూ తీసేవాటిలో తప్పులు మరీ ఎక్కువ. నడుము నుంచి కొడవలి తీస్తే చాలు, కంచు పళ్లెం మోగినట్టు మోగుతుంది. గుడ్డలో చుట్టిన ఇనుము బయటికొస్తే మోత ఎందుకొస్తుంది? వాన కురుస్తుంటుంది, ఆ వాన రేకుల మీద పడినట్టు వినిపిస్తుంది, తెర మీద చూస్తే మట్టి మిద్దె. ఇవన్నీ నేను పక్క సీటు వాళ్లకు అప్పటికప్పుడే చెబుతాను. అందుకే నాతో సినిమాకు ఎవరూ రారు.

ఇంత చెవి ఉన్న నాకు కాకుండా, సినిమాలో చోటు నా తోడికోడలి గొంతుకు దొరికింది. అది నేను ఓర్చుకోలేకపోయాను. ఇప్పటికీ ఓర్చుకోలేదు.

ఆమె మా మరిది భార్య, నాకన్నా ఆరేళ్లు చిన్నది. పులివెందుల పిల్ల. చావింట్లో ఏడవడంలో ఆమెను మించినవాళ్లు మా చుట్టుపక్కల లేరు. మా ఊళ్లలో ఏడుపంటే కన్నీళ్లు కార్చడం కాదు. పోయిన మనిషి బతుకంతా వరసగా పేర్చి, ఒక్కో మాటను సాగదీసి, వినేవాళ్ల గుండెలో దిగేటట్టు ఏడవాలి. అందరికీ రాదు. నాకు అసలే రాదు.

నేనూ మా ఆయనా జమ్మలమడుగులో కాపురం ఉండేవాళ్లం, నా ఉద్యోగం అక్కడ. ఆయన భూమి పెద్దముడియం దగ్గర ఊళ్లో. రోజూ పొద్దున మొదటి బస్సుకు చేనికి పోయి, చీకటి పడేలోపు ఇల్లు చేరేవాడు. చేని పక్కనే మరిది ఇల్లు. మా ఆయన నోట్లో మాట తక్కువ. ఇంట్లో ఆయన చేసే పెద్ద చప్పుడు పేపరు తిప్పడం. ముప్పై తొమ్మిదేళ్లలో ఆయన ఎప్పుడూ గొంతెత్తలేదని నలుగురిలో గొప్పగా చెప్పుకున్నదాన్ని.

ఆయన పోయింది నాలుగేళ్ల కిందట, మాఘ మాసంలో, ఒక మంగళవారం. అద్దెకు తెచ్చిన ఐసు పెట్టె తల దగ్గర నేను కూర్చున్నాను. దాని మోటారు గుర్రుమంటూ ఉంటే నాకు ఇంకేమీ వినిపించలేదు. ఎవరికి కబురు పోయింది, ఎవరికి పోలేదు, వంటకు ఎంతమంది అని లెక్క వేసుకుంటూ ఉన్నాను. కాళ్ల దగ్గర నా తోడికోడలు ఏడ్చింది. మూడోనాటికి ఊరంతా ఒకటే మాట. టీచరమ్మ కంట చుక్క నీరు రాలేదంట, యారాలు, అదే తోడికోడలు, మాత్రం రాళ్లు కరిగేటట్టు ఏడ్చిందంట. పెళ్లాన్ని నేను, పేరు ఆమెకు. అప్పుడు మొదలైంది నాకు కడుపుమంట.

పోయినేడాది మా మరిదివాళ్ల ఊళ్లో ఒక సినిమా తీశారు. ఊరి పెద్దను నరికేస్తే శవం చుట్టూ ఆడవాళ్లు ఏడ్చే సీను. తీసిన నెలకు, శబ్దాలు పట్టుకునే ఒకాయన కారులో మళ్లీ వచ్చాడు. నలభై ఏళ్లలోపు మనిషి, గుంటూరు వైపు మాట. ఆ రోజు బుధవారం, శనగలు పంచుకునే పని ఉండి నేనూ అక్కడే ఉన్నాను.

"అప్పుడు జనరేటర్ మోతలో ఏడుపులన్నీ పాడైపోయాయి. అమ్మ వేషం వేసినావిడ కేకలే పెట్టారు కానీ ఏడవలేదు," అన్నాడు. "ఈ ఊళ్లో బాగా ఏడ్చేవాళ్లు ఎవరైనా ఉన్నారా అండీ?"

చుట్టూ చేరిన ఆడవాళ్లంతా నా తోడికోడలి వైపు చూశారు.

ఆయన మైకు బయటికి తీశాడు. దానికి బూడిద రంగు బొచ్చు తొడుగు.

"ఏందప్పా అది, ముంగిసనా?" అంది ఆమె. "కరుస్తాదా?"

"కరవదమ్మా. గాలి చప్పుడు ఆపడానికి."

"ఉత్త పున్నానికి ఏడుపు యాడ వస్తాదప్పా? ఎవురన్నా సచ్చింటే గదా?"

"ఎవరినైనా తలుచుకోండమ్మా."

ఆమె నావైపు చూసింది. "మా బావను తలుచుకుంటా. అక్కా, ఏమనుకోవు గదా?"

అంతమందిలో ఏమనుకుంటానని చెప్పగలను?

ఆ శబ్దాలాయన చేసిన పని మాత్రం నాకు నచ్చింది. ఫ్యాను ఆపించాడు, ఫ్రిజ్ ఆపించాడు, కోళ్లను తోలించాడు, కిటికీలకు బొంతలు వేలాడదీశాడు. అందరినీ కదలకుండా కూర్చోబెట్టి, ముందు ఖాళీ గదిని రికార్డు చేశాడు. ఏమీ లేనిదాన్ని పట్టుకోవడం ఎందుకని అడిగాను.

"ఒక్కో గది నిశ్శబ్దం ఒక్కో రకంగా ఉంటుంది టీచరుగారూ. అది మాటల కింద పరవకపోతే, మాట ఆగిన చోటల్లా గుంట పడినట్టు ఉంటుంది. బొమ్మ కాస్త తప్పయితే జనం సర్దుకుంటారు. చప్పుడు తప్పయితే బయటికెళ్లి సిగరెట్ కాల్చుకుంటారు."

నా చెవి సంగతి నాలుగు ముక్కలు చెప్పాను. కొడవలి మోత గురించి కూడా చెప్పాను. ఆయన నవ్వి, "అయితే మీరు వినండి," అని తన చెవులకున్న హెడ్‌ఫోను తీసి నా చెవులకు పెట్టాడు.

ఇక ఆమె ఎత్తుకుంది.

"ఓ బావో... ఎండపొద్దుకు బువ్వ తినకనే పోతివా బావో... నెత్తిన తుండుగుడ్డ తడి ఆరకనే పోతివా బావో..."

ఐసు పెట్టె మోతలో ఆనాడు నాకు అందని మాటలు ఇప్పుడు ఒక్కొక్కటే చెవి లోపలికి వచ్చాయి. ఆమె గొంతులో జీర వినిపించింది. మాటకూ మాటకూ మధ్య ఊపిరి పీల్చడం వినిపించింది. ఆ తర్వాత ఈ మాట:

"ఇంజను కాడ పాట పాడితివే బావో... ఆ పాట ఇంగ యాడ విందు బావో..."

నేను చెవులకున్నది తీసేశాను.

ఆమె ముఖం కడుక్కుని వచ్చాక పక్కకు పిలిచి అడిగాను. "పాట ఏంది?"

"బావ పాడేటోడు గదక్కా. నీళ్లు కడతా ఉన్నప్పుడు."

"మీ బావ పాడడు."

"డీజిల్ ఇంజను మోతలో ఎవురికీ వినపడదనుకునేటోడు. మా వసారాలోకి బాగా వినపడేది. శానా బాగా పాడేటోడు." నా ముఖం చూసి ఆగింది. "నీకు తెల్దా అక్కా?"

నాకు తెలీదు. ఆ ఇంజను పోయి నీళ్లలోపలి మోటారు వచ్చింది, దానికి చప్పుడే లేదు. ఆ పాటను పట్టుకున్న మైకు ఏదీ లేదు. అది ఇప్పుడు ఉన్నది ఈమె చెవుల్లో ఒక్కచోటే. రేపు సినిమా వస్తే, నేను వినని నా మొగుడి పాట సంగతి టికెట్టు కొన్న ప్రతివాడూ వింటాడు.

శబ్దాలాయన కారులో సామాను సర్దుతుంటే దగ్గరికి పోయాను. "ఆ ఇంజను మాట తీసేయప్పా."

"అయ్యో, అదే కదండీ ప్రాణం!"

"కథలో చచ్చింది ఎవరు? ఊరి పెద్ద. వెనక పాతికమంది మనుషులు. అటువంటివాడు ఇంజను దగ్గర నిలబడి నీళ్లు కడతాడా? పాటలు పాడతాడా? కొడవలి మోత మాదిరే ఇదీ తప్పు."

"పాయింటేనండీ," అన్నాడు.

నేను చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. ఇప్పుడు అడిగినా అదే చెబుతాను.

సినిమా వచ్చిన రోజే పులివెందులలో ఆమె పుట్టింటివాళ్లంతా చూశారు. ఏడుపు ఉంది కానీ మాటలు తెలియలేదన్నారట. "మావోళ్లు ఈలలేస్తా చూసింటారు, ఇంగేం వినపడ్తాది?" అంది ఆమె. ప్రొద్దుటూరులో కొత్త స్పీకర్లు పెట్టిన హాలు ఒకటుందని, అక్కడైతే చీమ నడిచినా వినిపిస్తుందని ఎవరో చెప్పారట. శనివారం మ్యాట్నీకి నన్నూ లాక్కుపోయింది. కొత్త చీర కట్టింది. మల్లెపూలు పెట్టుకుంది. గేటు దగ్గర టికెట్లు చింపే మనిషితో కూడా, "నా గొంతుంది అప్పా ఇందులో," అని చెప్పింది.

ఆ సీను వచ్చింది. శవం మీద తెల్లగుడ్డ. వెనక పాటా లేదు, వాయిద్యమూ లేదు. ఆ బొంతల గది నిశ్శబ్దం హాలంతా పరుచుకుంది. అందులో ఆమె ఊపిరి పీల్చింది. ఒక "ఓ" సాగింది, తెగింది. మళ్లీ ఊపిరి. మాట లేదు. ఒక్క మాట కూడా లేదు. మాటకూ మాటకూ మధ్య ఉన్నదే పెట్టి, మాటలన్నీ ఎత్తేశారు.

ఈలలు ఆగిపోయాయి. నా ముందు వరసలో ఒకాయన మీసాలు తుడుచుకున్నాడు. నేను చూసిన ఇన్ని సినిమాల్లో ఏ చావుకూ హాలు అట్లా బిగుసుకుపోలేదు. తప్పు పట్టడానికి నాకు ఏమీ దొరకలేదు, అందుకే ఇంకా మండింది.

ఆమె నా చెయ్యి పట్టుకుని ఎదురుచూస్తూనే ఉంది. తెర మీద జీపులు బయలుదేరాయి.

"అయిపాయనా?" అంది.

బయట సోడా బండి దగ్గర నిలబడి, దాచుకున్న నంబరుకు ఫోను చేసింది. స్పీకరు పెట్టింది. "నా మాటలు యాడ పోయినాయప్పా?"

"టీచరుగారే చెప్పారు కదమ్మా, ఇంజను మాట కథకు పొసగదని," అన్నాడు ఆయన. "అది తీస్తే మిగతావి అతకలేదు. చివరికి మాటలే వద్దనుకున్నాం. మీ ఏడుపు మాత్రం అద్భుతం అంటున్నారమ్మా అందరూ."

ఆమె ఫోను జాకెట్లో దోపుకుంది. "నువ్వు తీపిచ్చినావా?"

"కథకు కుదరలేదు."

"కథకు కుదరలేదా, నీ కడుపుకు కుదరలేదా?"

"ఏందబ్బా పెద్దమ్మా, సినిమా బాగలేదా? కొట్లాడుకుంటాండారు," అన్నాడు సోడా బండి మనిషి.

"నీ సోడా నువ్వు కొట్టప్పా," అంది ఆమె.

దాచుకోవలసిందేమీ మిగలలేదు కనుక అడిగేశాను. "ఏం పాట అది?"

"నీకెందుకు?"

"నా మొగుడు పాడిన పాట నాకెందుకంటావా?"

"మొగుడు నీకే గదా. పంట నీకి, పేరు నీకి, ముప్పై తొమ్మిదేండ్లు రాత్రి బువ్వ నీ ఇంట్లోనే. నాకేముండాది? నా మొగుడు నోరు తెరిస్తే ఎనుములు బెదురుతాయి. బావ పాట వింటా బువ్వ వొండుకునేదాన్ని. అదొక్కటి నాది. సినిమాలోకి ఇడిచి పెడదామనుకున్యా, పోనీలే, నలుగురూ ఇంటారని. అది గూడా లేకుండా చేస్తివి. ఇంగ నీకి చెప్పను."

"సగమన్నా చెప్పు."

"సగం గూడా చెప్పను."

జమ్మలమడుగు ఆటో ఎక్కాం. వెనక సీట్లో మేమిద్దరమే, మధ్యలో నా చేతిసంచి. డ్రైవరు పాటలు గట్టిగా పెట్టాడు. సీటు కింద స్పీకరు నా నడుముకు తగులుతోంది. ఆమె అటు తిరిగి చేలు చూస్తోంది. ఊరు దాటి కాస్త దూరం పోయాక, ఆమె పెదాలు కదలడం చూశాను. స్పీకరులోని పాట కాదు అది, దాని దరువుకు ఇది కలవడం లేదు. గొంతు దగ్గర నరం కూడా కదులుతోంది. నాకు ఒక్క ముక్క వినిపించలేదు.

"ఆ పాట ఆపప్పా," అన్నాను.

డ్రైవరు ఆపాడు. ఆమె కూడా ఆపేసింది. ఇటు తిరిగి, "ఏందక్కా?" అంది.

"తలనొప్పి."

ఆమె మళ్లీ అటు తిరిగింది. పెదాలు మూసుకునే ఉన్నాయి. అట్లా చాలా దూరం పోయాం.

"ఇంగ పెట్టేదా పెద్దమ్మా?" అన్నాడు డ్రైవరు అద్దంలో చూస్తూ.

"పెట్టు," అన్నాను. "గట్టిగానే పెట్టు."

పాట మొదలైంది. నేను చేతిసంచి తీసి కాళ్ల దగ్గర పెట్టుకుని, ఆమె వైపు జానెడు జరిగి కూర్చున్నాను.